చేయెత్తే ముందు చెవి ఒగ్గుదాం

పాట మంచిదో కాదో చేతులెత్తి తేల్చవచ్చునా? ప్రశ్న చిన్నదే. కాని ఈ ప్రశ్న మీద ఏళ్ళనాటి స్నేహం ఒకటి తెగిపోబోవడం ఈ మధ్య కళ్ళారా చూశాను. అందుకే ఈ వారం దాన్ని మీ ముందు పెడుతున్నాను.

జూబ్లీహిల్స్ గురించి మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. కొండమీద ఫిల్మ్‌నగర్. అక్కడ తారల ఇళ్ళు, స్టూడియోలు, ఫిలిం ఛాంబరు కార్యాలయం. కొండ దిగి యూసుఫ్‌గూడ వైపు వస్తే కృష్ణానగర్. అక్కడి ఇరుకు సందుల్లో, అద్దె గదుల్లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, మేకప్ సహాయకులు, డ్యాన్సర్లు ఉంటారు. తెరమీద పేరు పడనివాళ్ళే ఎక్కువ. సినిమా వెలుగు కొండమీద కనిపిస్తుంది గాని దాని చెమట కొండ కిందనే ఉంది.

కృష్ణానగర్‌లో నాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. ఇంటి పెద్దాయన ఒకప్పుడు మద్రాసులో సినిమా ఆర్కెస్ట్రాలలో వయొలిన్ వాయించేవారు. ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. చిత్రసీమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చినప్పుడు ఆయనా పెట్టె బేడా సర్దుకుని వచ్చేశారు. చేతులు వణుకుతాయి కనుక వయొలిన్ అటక ఎక్కింది. ఆయన కొడుక్కి పాత పాటల పిచ్చి. నెలకొక ఆదివారం సాయంత్రం వాళ్ళ ఇంట్లో ఏడెనిమిదిమంది కూడతారు. ఒక రిటైర్డ్ బడి మాస్టారు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక ఆటో డ్రైవరు, పెళ్ళిళ్ళలో పాటలు పాడే ఒక యువకుడు, అతని భార్య - ఇలా.

వాళ్ళు ఆడుకునే ఆట ఒకటుంది. ఒక్కొక్కరు ఒక పాట తేవాలి. అది అందరికీ తెలిసిన పాట కాకూడదు. ఎప్పుడో వచ్చి, వారం రోజులైనా ఆడకుండా పోయిన సినిమాలోదో, రికార్డు దొరకనిదో, రేడియోలో కూడా వినబడనిదో అయ్యుండాలి. రెండేసి పాటలు జతకట్టి వినిపిస్తారు. విన్నాక చేతులెత్తుతారు. ఎక్కువ చేతులు లేచిన పాట పై రౌండుకు వెళుతుంది. చివరికి ఒకటి మిగులుతుంది. దాన్ని తెచ్చినవారికి బహుమతి ఏమీ లేదు, అందరికంటే ముందు టీ కప్పు అందుకునే గౌరవం తప్ప. చేతులెత్తడమే కాదు, రానివాళ్ళు ఫోనులో కూడా ఓటు పంపుతుంటారు.

ఆ రోజు మాస్టారు తెచ్చిన పాట అరవైల మొదట్లోది. పాడినావిడ పేరు ఎవరికీ తెలియదు. గొంతు కాస్త సన్నం, కాస్త వణుకు. ఓటింగులో ఆరు చేతులు ఎదుటి పాటకు లేచాయి, రెండు దీనికి. అంతటితో పోతే బాగుండేది. పెళ్ళిళ్ళలో పాడే కుర్రాడు నవ్వుతూ, “ముక్కుతో పాడితే ఎవరు దాచుకుంటారు మాస్టారూ, అందుకే ఇది మరుగున పడింది” అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. మెల్లగా లేచి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. బ్యాంకు ఉద్యోగి ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. ఆయన చేయి కూడా ఎదుటి పాటకే లేచింది. “ఇంత చిన్నదానికి అలగడమేమిటి?” అని ఆయనా విసుక్కున్నారు. ఆ తరువాత ఇద్దరికీ ఫోను కూడా లేదని విన్నాను.

మాస్టారు వెళ్ళాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మూల కుర్చీలో ఉన్న పెద్దాయన అప్పుడు నోరు విప్పారు. ఆయన ఎప్పుడూ ఓటు వేయరు. “ఆ పాటకు నేను వాయించానా తాతగారూ అని అడక్కండి. వాయించే ఉంటాను. గుర్తు లేదు. అలాంటివి ఎన్ని వాయించలేదు! ఆ రోజుల్లో పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ అందరం ఒకే హాల్లో, ఒకేసారి. చివరి చరణంలో ఒక్కడు తప్పితే మళ్ళీ మొదటినుంచి. పొద్దున కూర్చుంటే ఒక్కోసారి చీకటి పడేది. హిట్టయ్యే పాటకు ఎంత కష్టమో, పోయే పాటకూ అంతే కష్టం. ఏది ఏదవుతుందో మాకు మాత్రం ఏం తెలుసు?” అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. పడిన కష్టం ఒక్కటే. ఒకటి లోకమంతా పాడుకుంది, ఒకటి ఎవరికీ పట్టలేదు. ఈ తేడాకు కారణం ఆ పాట విలువేనా? లేక మరేదైనానా? మనం చేతులెత్తి కొలిచేది ఏమిటి?

ముందుగా ఒక మాట. పాటల్ని పోల్చుకోవడం తప్పని నేననను. రుచి ఉన్నచోట పోలిక ఉంటుంది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. మన ఇళ్ళలో ఈ ముచ్చట ఏనాటినుంచో ఉన్నదే. 1952లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలుపెట్టాక, హిందీ పాటలకు వారం వారం వరుస నంబర్లు వినడం దేశానికి అలవాటైంది. ఆ సిలోన్ స్టేషన్‌లోనే మీనాక్షి పొన్నుదురై గొంతులో తెలుగు పాటల కోసం చెవులు రిక్కించినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1957 అక్టోబరులో వివిధ భారతి వచ్చింది. ‘జనరంజని’కి కార్డు ముక్క రాసి, మన పేరూ ఊరి పేరూ రేడియోలో వినబడతాయని ఇంటిల్లిపాదీ కాచుకున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ పదిహేను పైసల కార్డు కూడా ఒక ఓటే.

ఇంకా చెప్పాలంటే, మరుగున పడిన పాటల్ని తవ్వి తీసి పోల్చే ఈ రసికులు ఒక మంచి పని చేస్తున్నారు. అందరికీ తెలిసిన పాటను పొగడడానికి శ్రమ ఏముంది? ఎవరూ తలవని పాటను వెతికి, దుమ్ము దులిపి, నలుగురి ముందు పెట్టడానికి ప్రేమ కావాలి. తెలుగులో తొలి నేపథ్య గాయకులెవరన్న చర్చ వచ్చినప్పుడు ఎం.ఎస్. రామారావు గారి పేరు, రావు బాలసరస్వతీదేవి గారి పేరు ఈనాడు వినబడుతున్నాయంటే, జిక్కి, పి. లీల, కె. జమునారాణి, పిఠాపురం నాగేశ్వరరావు, మాధవపెద్ది సత్యం వంటివారి పాటలు ఇంకా బ్రతికున్నాయంటే, అది ఇలాంటి పిచ్చివాళ్ళ పుణ్యమే. కాబట్టి ఆటను తప్పు పట్టడం లేదు. ఆటలో మనం ఏం చేస్తున్నామో తెలుసుకుని చేయాలంటున్నాను.

ఓటు ఏం చెబుతుంది? ఈ గదిలో, ఈ పూట, ఎంతమందికి ఏది నచ్చిందో చెబుతుంది. అంతవరకు అది నిజమే. కాని మనం అక్కడ ఆగం. ‘ఎక్కువమందికి నచ్చింది’ అన్న మాటను ‘ఇదే గొప్పది’ అని మార్చేస్తాం. ఇంకో అడుగు వేసి, ‘రెండోది పనికిరానిది’ అనేస్తాం. ఈ రెండు అడుగులూ లెక్కలో లేవు. మనం కలిపినవి.

ఎక్కువమందికి నచ్చడం అన్నదానిలో కూడా ఎంత భాగం పాటది, ఎంత భాగం పక్కవాడి చేయిది? దీన్ని కొందరు పరీక్షించి చూశారు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే పరిశోధకులు 2006లో ‘సైన్స్’ పత్రికలో తమ ప్రయోగాన్ని ప్రకటించారు. ఎవరికీ పెద్దగా తెలియని బృందాల పాటలు 48 తీసుకున్నారు. 14,341 మంది వాటిని విని, నచ్చినవి తీసుకున్నారు. కొందరికి పాటలు మాత్రమే వినిపించారు. తక్కినవారిని ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఇంతకుముందు ఎంతమంది తీసుకున్నారో కూడా చూపించారు.

ఫలితం ఏమిటి? పక్కవారి లెక్క కనిపించిన గుంపుల్లో గెలిచిన పాటలు మరీ ఎక్కువగా గెలిచాయి, ఓడినవి మరీ కిందికి పోయాయి. అంతేకాదు, గెలిచినవి అన్ని గుంపుల్లోనూ ఒకటే కాలేదు. ఒక పాట ఒక గుంపులో మొదటి స్థానంలో నిలిచింది. అదే పాట మరో గుంపులో నలభయ్యో స్థానానికి దిగింది. పాట మారలేదు. వినేవారి చెవులూ అలాంటివే. మొదట్లో ఎవరో కొందరు ఎటు మొగ్గారో అటే తక్కినవారూ మొగ్గారు. మరీ మంచివి సాధారణంగా అడుగుకు పోలేదనీ, మరీ పేలవమైనవి పైకి రాలేదనీ ఆ పరిశోధకులే చెప్పారు. కాని ఆ రెంటి నడుమ ఉన్నవాటికి ఏమైనా జరగవచ్చు. మన పాటల్లో చాలావరకు ఆ నడుమనే కదా ఉండేది!

కృష్ణానగర్ గదిని గుర్తు చేసుకోండి. ఆరు చేతులూ ఒక్కసారే లేచాయా? లేదు. మొదట రెండు లేచాయి. తక్కినవాళ్ళు చుట్టూ చూశారు. తరువాత నాలుగు లేచాయి. అది నేను గమనించాను.

పోనీ, ఎవరి చేయీ చూడకుండా అందరూ నిజాయితీగా ఓటు వేశారనుకుందాం. అప్పుడైనా చిక్కు తీరుతుందా? ఫ్రాన్సు దేశస్థుడు కాండోర్సే 1785లోనే ఒక చిక్కుముడి చూపించాడు. ముగ్గురు మిత్రులు, మూడు పాటలు అనుకోండి. ఒకాయనకు జిక్కి పాట మొదటిది, లీల పాట రెండోది, జమునారాణి పాట మూడోది. రెండో ఆయనకు లీల మొదట, జమునారాణి తరువాత, జిక్కి చివర. మూడో ఆయనకు జమునారాణి మొదట, జిక్కి తరువాత, లీల చివర. ఇప్పుడు రెండేసి చొప్పున ఓటు పెట్టండి. జిక్కి పాట లీల పాటను ఇద్దరి ఓట్లతో గెలుస్తుంది. లీల పాట జమునారాణి పాటను గెలుస్తుంది. మరి జమునారాణి పాట? జిక్కి పాటను గెలుస్తుంది! అందరూ నిజమే చెప్పారు, అయినా గొప్పది ఏదో తేలలేదు. ఏ రెండు పాటల్ని ముందు జతకట్టారన్న దాన్ని బట్టి గెలుపు మారిపోతుంది. అంటే ఆ రోజు మాస్టారు పాట ఓడింది తన లోపం వల్లనా, చీటీ తీసిన వరుస వల్లనా? చెప్పలేం.

కొన్ని విషయాలైతే ఓటుకు అందేవే కావు. మొదటి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు అందరూ నమ్మారు. పుస్తకాల్లో రాశారు, సభల్లో చెప్పారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి ఆధారాలు వెతికి, అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని చూపారు. అంతకుముందు ఓటు పెట్టి ఉంటే ఏది గెలిచేదో చెప్పనక్కరలేదు. నలుగురి మాట మీద గౌరవం ఉండాలి. కాని నలుగురూ అన్నంత మాత్రాన నిజం కాని మాట నిజమైపోదు. ఒంటరిగా మిగిలిన మాట అబద్ధమూ అయిపోదు.

ఇక్కడ మరో సంగతి ఉంది. మనం ఓటు వేసేటప్పుడు నిజంగా పాటకే వేస్తున్నామా? 2006లో ‘ఇండియన్ ఐడల్’ పోటీలో హైదరాబాదు కుర్రాడు కారుణ్య చివరి మెట్టుదాకా వెళ్ళి రెండో స్థానంలో నిలిచినప్పుడు, 2010లో అదే పోటీలో శ్రీరామచంద్ర గెలిచినప్పుడు, మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఫోన్లు ఆగకుండా మోగాయి. ఇద్దరూ చక్కగా పాడేవారే. సంతోషించాల్సిందే. కాని వేసినవాళ్ళలో ఎంతమంది పాట విని వేశారు, ఎంతమంది ‘మనవాడు’ అని వేశారు? ఎవరి మనస్సాక్షికి వారే జవాబు చెప్పుకోవాలి. ‘మనవాడు’ అనడంలో పాపం లేదు. కాని అలా వేసిన ఓటును సంగీతం మీద తీర్పు అని పిలవడం సరికాదు.

పాత గాయకుల విషయంలో ఇదే జబ్బు ఇంకోలా కనిపిస్తుంది. ఘంటసాల గారి అభిమానులని ఒక పక్షం, బాలు గారి అభిమానులని ఒక పక్షం. ఒకరిని ఎత్తడానికి మరొకరిని దించుతారు. ఘంటసాల గారు 1974లో పోయారు. బాలసుబ్రహ్మణ్యం గారు 2020లో పోయారు. ఇద్దరూ వచ్చి తమ తరఫున మాట్లాడలేరు. విజయనగరంలో మధూకరం ఎత్తుకుంటూ సంగీతం నేర్చుకున్న ఘంటసాల గారు తన పాట ఇంకొకరిని కొట్టే కర్ర కావాలని కోరుకుని ఉంటారా? తనకు మొదటి సినిమా పాట ఇచ్చిన ఎస్.పి. కోదండపాణి గారి పేరునే మద్రాసులో తన రికార్డింగ్ థియేటరుకు పెట్టుకున్న బాలు గారు, పాత తరాన్ని చిన్నబుచ్చే అభిమానిని చూసి మెచ్చుకునేవారా? మనం ప్రేమిస్తున్నామనుకునే మనిషి గుణమే మన ప్రేమలో లేకపోతే, ఆ ప్రేమ ఎవరి మీద? ఒక్కోసారి అది మన పంతం మీదనే.

పోలిక మెచ్చుకోలుగా వచ్చినా దెబ్బ తీయగలదు. వి. రామకృష్ణ గారు డెబ్బైలలో వచ్చారు. ‘భక్త తుకారాం’ (1973) వంటి చిత్రాల్లో పాడారు. ‘అల్లూరి సీతారామరాజు’ (1974)లో ఘంటసాల గారితో గొంతు కలిపారు. ‘అచ్చం ఘంటసాలలా ఉంది’ అన్నారు విన్నవాళ్ళు. ఎంత గొప్ప మెప్పు! కాని ఆ మెప్పు వెంటనే ఇంకో మాటను తెస్తుంది - ‘ఎంతైనా ఘంటసాల కాదు కదా’ అని. ఆయన 2015లో హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన పాటను ఆయన పాటగా, పక్కన ఎవరినీ నిలబెట్టకుండా విన్నవాళ్ళు మనలో ఎంతమంది?

అయితే మరి మరుగున పడిన పాటకు మనం చేయవలసింది ఏమిటి? జాలిపడి గెలిపించాలా? అక్కరలేదు. నచ్చని పాటను నచ్చిందనడం అబద్ధం. అది పాడినవారికి గౌరవమూ కాదు. నా ఆలోచనలో మనం బాకీపడింది ఓటు కాదు. రెండు వేరే సంగతులు. ఒకటి, పూర్తిగా వినడం. రెండు, పేరు చెప్పడం.

వినడం అంటే చెవిన వేసుకోవడం కాదు. ఆ కాలాన్ని కూడా వినడం. పాత 78 స్పీడు రికార్డులో ఒక్కో పక్కకు పట్టేది ఇంచుమించు మూడు నిమిషాలు. ఆ కొలతలో పల్లవి, చరణాలు, వాద్యం అన్నీ ఇమడాలి. ఒక్కోసారి సినిమాలో ఉన్న చరణం రికార్డులో ఉండదు. ఆ రికార్డు లక్కతో చేసినది. చేయి జారితే ముక్కలు. సూది గీతలతో అరిగి, ఎవరో టేపుకెక్కించి, ఆ టేపు నుంచి ఇంకెవరో ఫోనులోకెక్కించిన పాటను మనం విని ‘గొంతు సన్నం’ అంటున్నాం. ఆ సన్నదనం ఆవిడదా, అరిగిన రికార్డుదా? అడగకుండా తీర్పు చెప్పడం న్యాయమా? అసలు వినడానికే మిగలనివి ఎన్నో! ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఈనాడు లేదు. ఆ పాటలకు ఓటు వేద్దామన్నా వీలులేదు. మిగిలినదాన్ని కాపాడుకోవలసిన బాధ్యత అందుకే ఇంకా పెద్దది.

ఇక పేరు చెప్పడం. ‘మాయాబజార్’ (1957) సంగీతం ఎవరిదంటే ఘంటసాల గారిది అంటాం. టైటిళ్ళలో ఉన్నదీ అదే. కాని ఆ సినిమాకు మొదట కొన్ని పాటలకు బాణీలు కట్టినవారు సాలూరి రాజేశ్వరరావు గారు. ఆయన తప్పుకున్నాక ఘంటసాల గారు ఆ పని పూర్తిచేశారు. ‘దేవదాసు’ (1953) పని ముగియకముందే సి.ఆర్. సుబ్బరామన్ గారు పోయారు. మిగిలిన పాటలను ఆయన దగ్గర పనిచేసిన విశ్వనాథన్, రామమూర్తి గార్లు పూర్తిచేశారు. ఇవన్నీ తెలిసేది ఎలా? ఓపికగా పోల్చి విన్నవాళ్ళ వల్లే. పోలిక ఎవరికి ఏది చెందాలో అది చెందేలా చేసినప్పుడు అది ధర్మం.

మన సంగతే చూడండి. తపస్సు కాలంలో మన ఊళ్ళలో ‘కరుణామయుడు’ (1978) చిత్రంలోని సిలువ యాత్ర పాట వినబడని చోటు అరుదు. బాలసుబ్రహ్మణ్యం గారి గొంతు అందరూ గుర్తుపడతారు. రాసింది ఎవరని అడిగితే? మోదుకూరి జాన్సన్ గారని ఎంతమంది చెప్పగలరు? ఇన్నేళ్ళుగా ఆయన మాటలతో కన్నీళ్ళు పెట్టుకున్నాం. పేరు మాత్రం అడగలేదు. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పుడు బాలు గారు పిల్లల చేత పాడించడంతో ఆగలేదు. ఈ పాట రాసినవారు ఫలానా, బాణీ కట్టినవారు ఫలానా అని ఓపికగా చెప్పేవారు. అదీ పోటీయే. మార్కులూ ఉన్నాయి. కాని పోటీ నడుమ కృతజ్ఞత నేర్పవచ్చునని ఆయన చూపించారు.

ఈ గొడవంతా పాటలకు సంబంధించిందేనా? నాకలా అనిపించడం లేదు. వారం వారం పాటలకు నంబర్లు వేసే చేయి ఇంటికొచ్చి ఊరుకోదు. ‘నీ చెల్లెలు చూడు, ఎంత బాగా చదువుతుందో’ అంటాం. ‘పక్కింటి కోడలు చూడు’ అంటాం. క్రిస్మస్ ముందు మన విచారణల్లో పాటల పోటీలు పెడతాం. పిల్లలు నెల రోజులు ఉత్సాహంగా సాధన చేస్తారు. బహుమతి రాని బృందం పిల్ల ఆ తరువాత నోరు విప్పడానికి సిగ్గుపడితే, ఆ పోటీ వల్ల పాట పెరిగిందా, తగ్గిందా? బహుమతులు వద్దని కాదు. బహుమతి ఇచ్చే చేయి, ఓడిన పిల్ల దగ్గరకు వెళ్ళి, ‘రెండో చరణంలో నువ్వు తీసిన ఆ పై స్థాయి బాగుందమ్మా’ అని ఒక్క మాట చెప్పకూడదా? అలా చెప్పాలంటే ముందు విని ఉండాలి. ఆలయంలో కానుకల పెట్టె దగ్గర పేద విధవరాలు వేసిన రెండు కాసులను ప్రభువు చూసిన చూపు మనకు తెలియనిది కాదు. లెక్క ప్రకారం ఆమెది అందరికంటే తక్కువ. ఆయన లెక్కొక్కటే చూడలేదు.

కాబట్టి పాఠకులారా, నా మనవి ఇది. పోల్చుకోండి, వాదించుకోండి, చేతులూ ఎత్తండి. ఆ సరదా పోతే జీవితం చప్పబడుతుంది. కాని చేయెత్తే ముందు పాటను చివరిదాకా వినండి. పక్కవాడి చేయి చూడకండి. గెలిచినదాన్ని ‘మాకు నచ్చింది’ అనండి, ‘ఇదే గొప్పది’ అనకండి. ఓడినదాని పేరు, పాడినవారి పేరు, రాసినవారి పేరు తెలిస్తే చెప్పండి. తెలియకపోతే వెతకండి. మీ ఇంట్లో ముసలివాళ్ళుంటే అడగండి. వాళ్ళు పోయాక అడగడానికి ఎవరూ ఉండరు.

కృష్ణానగర్ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ మరుసటి నెల సభకు మాస్టారు రారనే అందరూ అనుకున్నారు. కాని అంతకు రెండు రోజుల ముందు, ముక్కుతో పాడిందన్న ఆ కుర్రాడే స్కూటరు వేసుకుని ఆయన ఇంటికి వెళ్ళాడట. “పాట మళ్ళీ విన్నాను మాస్టారూ, నాలుగైదుసార్లు. రెండో చరణం చివర ఆవిడ తీసిన సంగతి నాకు పలకడం లేదు, నేర్పండి” అని అడిగాడట. మాస్టారు ట్రంకు పెట్టె తీసి, ఒకప్పుడు సినిమా హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు బయట పడేశారు. ఆ సినిమాది దొరికింది. రాసినవారి పేరుంది గాని, పాడినావిడ పేరు అందులోనూ లేదు. ఇద్దరూ ఇంకా వెతుకుతున్నారు. బ్యాంకు ఉద్యోగి కూడా వాళ్ళతో చేరారు. మద్రాసులో తనకు తెలిసినవారికి ఫోన్లు చేస్తున్నారు.

సభలో ఇప్పుడొక కొత్త నియమం వచ్చింది. ఏ పాటకు వ్యతిరేకంగా చేయెత్తుతారో, ఆ పాటలో తమకు నచ్చినది ఒకటి ముందు చెప్పాలి. చెప్పలేకపోతే మళ్ళీ వినాలి. ఆట నిదానమైంది. రాత్రి పొద్దుపోయేదాకా సాగుతోంది. ఆ నెల మాస్టారు అదే పాటను మళ్ళీ తెచ్చారు. మళ్ళీ ఓడిపోయింది, మూడుకు అయిదు ఓట్లతో. మూల కుర్చీలో పెద్దాయన కళ్ళు మూసుకుని వింటున్నారు. మాస్టారు ఈసారి చెప్పుల వైపు చూడలేదు. తరువాతి పాట పెట్టమన్నారు.